సందూకులో మిగిలిపోయిన హునర్

మన ఇళ్లలో పాత ఇనుప సందూకు తెరిస్తే అడుగున ఒక మూట దొరుకుతుంది. కషీదా పూలు కుట్టిన దిండు గలేబులు, క్రోషియాతో అల్లిన అంచులు, సగంలో ఆగిపోయిన ఒక దుపట్టా. అన్నీ నికాహ్‌కు ముందు, పదిహేడు పద్దెనిమిదేళ్ల వయసులో కుట్టినవి. ఆ తరువాత పిల్లలు, వంట, అత్తమామల బాగోగులు. సూది మళ్లీ చేతికి రాలేదు. నలభై దాటి, పిల్లలు కాలేజీలకు వెళ్లిపోయి, జొహర్ నమాజ్ తరువాత ఇల్లు బోసిపోయినప్పుడు ఆ మూట గుర్తుకొస్తుంది. "ఈ వయసులో ఇదంతా ఎందుకు?" అని ఎవరో అంటారు. చాలా ఇళ్లలో ఆ మాట అనేది ఆమే.

మగవారి సంగతి కూడా వేరుగా లేదు. చిన్నప్పుడు తఖ్తీ మీద వెదురు కలంతో అలిఫ్, బే ముత్యాల్లా దిద్దిన చేతులు, గల్ఫ్‌లో పదేళ్లు లారీ నడిపి వచ్చాక సంతకం తప్ప మరేమీ రాయవు.

ఇంకో అడ్డంకి ఉంది. ఇంట్లోవాళ్ల కోసం కుడితే హునర్ అంటారు, అదే నలుగురికి అమ్మితే "ఏం గతి పట్టిందో" అంటారు. ఈ షరాఫత్ ఎక్కడి నుంచి వచ్చిందో గాని, దీన్ నుంచి మాత్రం రాలేదు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (ర) దైవప్రవక్త (స) మేనత్త కూతురు. గొప్ప వంశం. ఆమె తోలు పదును చేసి, కుట్టి, వచ్చిన సొమ్మును సదఖా చేసేవారని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. తన సతీమణుల్లో అందరికంటే పొడవైన చేయి గలవారే తనను ముందుగా కలుసుకుంటారని ప్రవక్త (స) అన్నారట. వారు నిజంగానే చేతులు కొలుచుకున్నారు. హిజ్రీ 20లో హజ్రత్ జైనబ్ (ర) పరమపదించినప్పుడు గాని, పొడవైన చేయి అంటే కష్టపడి పంచిపెట్టే చేయి అని అర్థం కాలేదు.

మరుగున పడిన పనిని మళ్లీ పట్టుకున్నవారు మన ప్రాంతంలోనే ఉన్నారు. తేలియా రుమాల్ పేరు పెద్దవాళ్లు వినే ఉంటారు. నూలును ఆముదపు కాయల బూడిద నీటిలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి పిసికి, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో చిటికి కట్టి నేసే గుడ్డ. ఒకప్పుడు చీరాల నుంచి ఓడల్లో అరబ్బు దేశాలకు వెళ్లేది. ఎండకు, దుమ్ముకు అక్కడివారు తలకు చుట్టుకునేవారు. ఆ బేరం ఆగిపోయాక రుమాలు కూడా దాదాపు ఆగిపోయింది. ఉమ్మడి నల్లగొండ జిల్లా పుట్టపాకలో గజం గోవర్ధన్ దాన్ని వదలలేదు. ఆయనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గమనించవలసింది ఏమిటంటే, ఇప్పుడు ఆ డిజైన్లు ఎక్కువగా కనబడేది దుపట్టాల మీద, చీరల మీద. తలకు చుట్టుకునేవాళ్లు లేరని పనివాళ్లు కూర్చుని ఏడవలేదు, కొనేవాళ్లు ఏది కట్టుకుంటున్నారో చూశారు. సందూకులోని దిండు గలేబులు ఈనాడు ఎవరూ కొనకపోవచ్చు. అదే పువ్వు బురఖా చేతి అంచు మీదో, మదర్సా పిల్లల జుజ్‌దాన్ మీదో కుడితే అడిగేవాళ్లు ఉంటారు.

పోచంపల్లి కథ కూడా ఇలాంటిదే. అక్కడ పట్టు నేత తాతల నాటిది కాదు. 1970లో ఇద్దరు యువకులు బెంగుళూరు వెళ్లి నేర్చుకు వచ్చారు. నేత తెలిసిన ఊరివాళ్లే మళ్లీ శాగిర్దులయ్యారు.

ఇక ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. చదువు బడిలోనే ఆగిపోయింది. తల్లి లక్ష్మి ఆసు పోసేవారు. చిటికి కట్టేముందు దారాన్ని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ తిప్పడమే ఆసు. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి, నాలుగైదు గంటలు పడుతుంది. ఎక్కువగా ఆడవాళ్ల పని. భుజం నొప్పితో ఆమె ఇక చేయలేని స్థితికి వస్తుంటే 1992లో కొడుకు యంత్రం తయారుచేయడానికి పూనుకున్నాడు. డబ్బు చాలలేదు, చుట్టుపక్కలవాళ్లు నిరుత్సాహపరిచారు. మధ్యలో హైదరాబాద్ వెళ్లి పని చేసుకున్నాడు. అక్కడ ఒక యంత్రం కదలికను చూశాక, ఇన్నాళ్లూ కుదరని ముక్క కుదిరింది. 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నర, రెండు గంటలకు దిగింది. ఇతర నేత కుటుంబాలకు కూడా యంత్రాలు చేసి ఇవ్వడం మొదలైంది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో సినిమా తీశారు. కాని ఆ ఏడేళ్ల సంగతి తలచుకోండి. మనవాళ్లు కుట్టుమిషన్ కొని ఏడు నెలలు చూసి, గిరాకీ లేదని దాని మీద ఇస్త్రీ బట్టలు పెడతారు.

గిరాకీ వచ్చినా నిలవకపోవడానికి పెద్ద కారణం లెక్క. ఒక బ్లౌజు మీద మగ్గం వర్క్, అదే మన కార్చోబ్, చేశారనుకోండి. జరీ, పూసలు, దారం 400 రూపాయలు. పని 30 గంటలు. పక్కింటి ఆపా కదా అని 1,000 రూపాయలకు ఇచ్చేస్తే చేతికి మిగిలింది 600, గంటకు 20 రూపాయలు. ఎనిమిది గంటలు కూర్చున్నా 160. పత్తి ఏరడానికి వెళ్లినా అంతకంటే ఎక్కువే వస్తుంది. ధర పెంచడానికి మొహమాటమైతే పని తగ్గించండి. గద్వాల చీరను చూడండి. ఒళ్లంతా నూలు, అంచు, కొంగు మాత్రమే పట్టు. ఖరీదైన దారం కంటికి కనబడే చోటే ఉంటుంది. గంటలను కూడా అలాగే ఖర్చుపెట్టాలి.

పెట్టుబడి దగ్గర ఒక మాట. గుంపుగా కూర్చోబెట్టి వారం వారం వసూలు చేసే వడ్డీ అప్పులు ఎన్ని ఇళ్లను కుంగదీశాయో 2010లో ఈ రాష్ట్రమంతా చూసింది. ఆ ఏడాది ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. వడ్డీ హరామ్ అన్న సంగతి అలా ఉంచినా, మొదటి గిరాకీ రాకముందే కిస్తీ మొదలయ్యే పని మంచిది కాదు. బంధువుల్లో ఖర్జె హసనా ఇచ్చేవారుంటే అడగండి, కాగితం మీద రాసుకోండి. రాసుకొమ్మని ఖుర్ఆనే చెబుతోంది. 2023లో కేంద్రం తెచ్చిన విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. శిక్షణ రోజులకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం ఇందులో ఉన్నాయి. అప్పు వేరు, దానికి 5 శాతం వడ్డీ. అప్పు వద్దనుకుంటే తీసుకోనక్కరలేదు.

కొత్తగా మొదలుపెట్టేవారు షాబాన్‌లోనే ఒకటి రెండు నమూనాలు కుట్టి చూపించడం మేలు. రంజాన్ మొదటి పది రోజుల్లో ఎన్ని ఆర్డర్లు వచ్చినా తీసుకోవచ్చు. ఇరవయ్యో రోజా దాటాక వచ్చేవారికి మాత్రం, ఎంత దగ్గరి చుట్టమైనా, బక్రీద్‌కు ఇస్తామని చెప్పండి. తాఖ్ రాత్రుల్లో కార్చోబ్ ముందు కూర్చుంటే అటు ఇబాదత్ పోతుంది, ఇటు కుట్టు వంకర పోతుంది.