ఎర్ర బర్గండీ: అడుగు మెట్టు సరకులో మేలైనది ఏది?

ఫ్రాన్సులోని బోన్ పట్టణంలో ఏటా నవంబరు మూడవ ఆదివారం జరిగే ధర్మాసుపత్రి వేలం బర్గండీ వైను మార్కెట్టుకు నాడి వంటిది. 1859 నుంచి వస్తున్న ఈ వేలంలో కొత్త పంట వైనును పీపాల లెక్కన అమ్ముతారు. పీపా అంటే 228 లీటర్లు, సుమారు 300 సీసాలు. ఎరుపు, తెలుపు కలిపి 2022లో 802 పీపాలు, 2023లో 753 పీపాలు వేలానికి వచ్చాయి. 2024లో వచ్చినవి 439 మాత్రమే. ఆ ఏడు ఎడతెగని వానలకు బూజు తెగులు సోకి తోటలు దెబ్బతిన్నాయి. ఉత్తరాన కోత్ ద న్వీ ప్రాంతంలోని ఎర్ర ద్రాక్షకు నష్టం మరీ ఎక్కువ.

వేలంలో పలికే ధరలు సంపన్నుల వ్యవహారం. సీసాకు 15 నుంచి 30 యూరోలు పెట్టగల మామూలు కొనుగోలుదారు చిక్కు వేరే ఉంది. లేబులు మీద ‘బుర్గోన్’ అని మాత్రమే రాసి ఉండే అడుగు మెట్టు సరకులో మంచి చెడుల తేడా మిగతా మెట్లన్నిటిలోకన్నా ఎక్కువ. 15 యూరోలకు నీళ్ళలా పలచగా, పుల్లగా ఉండే వైను అంటగట్టవచ్చు. మరో 7, 8 యూరోలు వేస్తే ఊరి పేరు పెట్టుకున్న వైనుకు దీటైనది దొరకవచ్చు. పేరు చూస్తే రెండూ ‘బుర్గోనే’.

రకం ఒకటే, చేను వేరు

మిర్చి, పసుపు బేరాల్లో రకం చూసి ధర కట్టడం ఈ పేజీ పాఠకులకు అలవాటు. ఎర్ర బర్గండీలో రకం దాదాపు ఒకటే, పినో న్వార్. ధర కట్టేది చేనునుబట్టి. మెట్లు నాలుగు. మొత్తం ఉత్పత్తిలో సుమారు సగం ప్రాంతం పేరుతో అమ్మే అడుగు మెట్టుది. దానిపైన ఊరి పేరు వైను, ఆపైన పదోవంతు ప్రీమియే క్రూ, శిఖరాన నూటికి ఒకటో రెండో పాళ్ళు గ్రాండ్ క్రూ. అడుగు మెట్టు ఎర్ర వైనుకు హెక్టారుకు 60 హెక్టోలీటర్ల దాకా తీయవచ్చునని నిబంధన. ఊరి పేరు కావాలంటే 40 దగ్గరే ఆగాలి. అడుగు మెట్టు సరకు పలచనకావడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది.

దీజోన్ నుంచి బోన్ వైపు దిగే పాత జాతీయ రహదారి, ఇప్పటి డి 974 రోడ్డు, స్థూలంగా సరిహద్దు గీత. పడమట వాలు మీద సున్నపురాతి నేల, నీరు నిలవదు, పేరున్న చేలన్నీ అటే. తూర్పున పల్లం, బరువైన బంకనేల. ‘బుర్గోన్’ ద్రాక్ష చాలావరకు ఆ పల్లంలో పండుతుంది. అయితే గీత గీసిన చోట అంగుళం మేర నేల మారిపోదు. గీతను ఆనుకుని ఉన్న చేలల్లో కొన్ని ఊరి పేరుకు అర్హమైన చేలకు ఏమాత్రం తీసిపోవు. లేబులు మాత్రం ఆ సంగతి చెప్పదు.

చెప్పేది రైతు పేరు. నెపోలియన్ నాటి వారసత్వ చట్టం బిడ్డలందరికీ వాటా ఇవ్వడంతో ఇక్కడి తోటలు అన్నదమ్ముల పంపకాల్లో ముక్కలైపోయాయి. సుమారు 50 హెక్టార్ల క్లో ద వూజో తోటకు 80 మంది దాకా యజమానులు. ఒక్కొక్కరి వైను ఒక్కో తీరు. వోన్, షాంబోల్ వంటి ఊళ్ళ పేర్లతో మంచి వైను చేసే రైతుకు గీత అవతల కాస్త ‘బుర్గోన్’ చేను కూడా ఉంటుంది. పని చేసేది అవే చేతులు. పై మెట్టుకు చాలదనుకున్న పీపాను, లేత తీగల పంటను దిగువ పేరుతో అమ్ముకునే వెసులుబాటు కూడా అతనికి ఉంది. అతని పై మెట్టు సీసా వందకు పోయినా, ఈ సీసా 25, 30కి దొరకవచ్చు. ఆశించిన బేరం అంటే ఇదే.

కాబట్టి కొనేవారు మొదట ‘మిజాన్ బుతెయ్ ఓ దొమేన్’ అన్న మాట కోసం చూడాలి. తోట యజమాని తానే సీసాల్లో నింపాడని దాని అర్థం. 2017లో వచ్చిన ‘బుర్గోన్ కోత్ దోర్’ అన్న పేరు కూడా ఉపయోగమే. ద్రాక్ష ఎక్కడో దూరపు జిల్లాది కాదనీ, అసలు వాలు ఉన్న ప్రాంతానిదేననీ అది హామీ ఇస్తుంది. రుచికి మాత్రం హామీ కాదు. జాదో, ద్రూఎఁ, ఫెవ్లే వంటి పెద్ద వర్తక సంస్థల ‘బుర్గోన్’లో ఏటేటా పెద్దగా తేడా రాదు. బొత్తిగా తెలియని పేరుకన్నా అదే నయం. కానీ అందులో ఆశ్చర్యానికి తావు తక్కువ.

మారిన లెక్క

పాత పుస్తకాలు చూసి కొనేవారు ఇక్కడ నష్టపోతారు. వాలుకు పైన, ఎత్తు మీద ఉండే ‘ఓట్ కోత్’ పల్లెల్లో పంట పూర్తిగా పండదనీ, వైను పుల్లగా ఉంటుందనీ ఒకప్పటి మాట. అది ఆనాటి చలికి నిజం. 2015, 2018, 2019, 2020, 2022 వేసవులు ఎండ కాసినవి. ఆ ఎండకు పల్లపు చేలు ఉడికిపోతే, ఎత్తు మీది చేలు తాజాదనాన్ని నిలుపుకున్నాయి. ఓట్ కోత్ ఎరుపును ఇప్పుడు రెండో రకంగా తీసిపారేయనక్కరలేదు.

అలాగే, కొండ కొసల్లో ఉన్న ఊళ్ళు. దీజోన్‌ను ఆనుకుని ఉన్న మార్సనేకు సొంత ఊరి పేరు హోదా 1987లోనే వచ్చింది. దక్షిణ కొసన మరాంజ్, సాంత్‌నే ఉన్నాయి. ఒకప్పుడు మోటు వైనని పేరుపడ్డ మరాంజ్ ఎండ సంవత్సరాల్లో మెత్తబడింది. ఇంకాస్త దక్షిణాన కోత్ షలొనేజ్‌లో మెర్క్యూరే, జివ్రీ. ఈ రెంటిలో మంచి రైతు వైనుకు 20 నుంచి 30 యూరోలు పెడితే, పేరుగాంచిన జెవ్రే షాంబర్తాన్‌లో సగం ధరకే ఊరి మెట్టు వైను చేతికి వస్తుంది. సుతారంలో జెవ్రేకు సాటిరాకపోవచ్చు. కానీ అదే సొమ్ముకు అనామక ‘బుర్గోన్’ కొనడం కన్నా జివ్రీ కొనడమే తెలివైన పని అని మా అభిప్రాయం.

జాగ్రత్తపడవలసిన మాటలు

‘గ్రాన్ వెన్ ద బుర్గోన్’ అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటే మురిసిపోనవసరం లేదు. అది ఏ మెట్టునూ సూచించదు. ‘వియేయ్ వీన్య్’, అంటే ముదురు తీగలు అన్న మాటకు చట్టంలో నిర్వచనం లేదు. ఇరవయ్యేళ్ళ తీగ ముదురో కాదో అమ్మేవాడి ఇష్టం. సీసా బరువుకు, వైను నాణ్యతకు సంబంధం లేదు.

‘కోటో బుర్గిన్యోన్’ అన్నది 2011లో వచ్చిన వేరే పేరు. బోజొలే ప్రాంతపు గమే ద్రాక్షను కూడా ఆ పేరుతో అమ్ముకోవచ్చు. గమే చెడ్డదేం కాదు, కానీ పినో కోసం వచ్చినవాడు దాన్ని కొని తిట్టుకోవడం తరచు జరిగేదే. బర్గండీ వాలుల మీదనుంచి గమేను పీకించాలని ఫిలిప్ ప్రభువు 1395లోనే శాసనం చేశాడు. ఆరు శతాబ్దాలు దాటినా తగవు తీరలేదు. పినో, గమే కలిపి చేసే ‘పాస్ తూ గ్రెన్’ మాత్రం మంచి రైతు చేతిలో చవకైన, హాయైన వైను. దానిని దానిగానే కొనాలి.

ఏ పంట?

2021 పంటను ఏప్రిల్ మంచు కాల్చింది. దక్కిన ఎరుపు తేలికపాటిది, నిలవ పెట్టేది కాదు. 2022లో పంటా బాగుంది, గుణమూ బాగుంది. అడుగు మెట్టులో కళ్ళు మూసుకుని కొనదగ్గ పంట అదే. 2023ది చాలా పెద్ద పంట. తెలివైన రైతులు గుత్తులు కోసి పారేసి కాపు తగ్గించారు. ఆశపడి వదిలేసినవారి వైను పలచబడింది. ఆ ఏటి సరకు కొనేటప్పుడు రైతు పేరు రెట్టింపు ముఖ్యం. 2024ది సరకే తక్కువ, ధరలో బేరం ఆశించరాదు. 2022, 2023 సీసాలు దుకాణాల్లో కనపడితే ముందు వాటినే తీసుకోవాలి.

ఈ మెట్టు వైనును పదేళ్ళు దాచడం దండగ. పంట ఏడాది నుంచి మూడు నుంచి అయిదేళ్ళలో తాగేయాలి. డజను కొనే ముందు ఒక సీసా కొని రుచి చూడడం మేలు. తాగేటప్పుడు 15 డిగ్రీల చుట్టుపట్ల చల్లగా ఉండాలి. మన వేసవి గదిలోని వేడికి ఎంత మంచి పినో అయినా సారా వాసనే వేస్తుంది.