గొట్టం పరీక్ష అందరికీ అక్కర్లేదు... కానీ ఏటా లెక్క చూసుకోవాలి!

‘‘ఆ గొట్టాన్ని నోట్లోంచి కడుపులోకి దింపుతారటే అమ్మాయ్! పోతే పోతాను గానీ ఆ పరీక్షకి మాత్రం రాను’’ అంటూ పెదపారుపూడిలో ఉండే మా పెద్దమ్మ రెండేళ్ళ కిందట మొండికేసింది.

ఆవిడకి సిర్రోసిస్ అని తేలింది. అంటే కాలేయం గట్టిపడటం. ‘జన్మలో చుక్క ముట్టని మనిషికి లివరు జబ్బేమిటి?’ అని చుట్టుపక్కల వాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. తాగుడొక్కటే కారణం కాదండీ. ఏళ్ళ తరబడి ఉన్న షుగరు, స్థూలకాయం, కాలేయానికి పట్టిన కొవ్వు, హెపటైటిస్ బి, సి వైరస్‌లు... ఇవన్నీ ఆ స్థితికి తీసుకొస్తాయి.

కాలువ పూడితే గట్టుకి ముప్పు

డెల్టాలో పుట్టిన ఆడవాళ్ళకి ఈ జబ్బు సంగతి చెప్పటం తేలిక. కాలువకి నీళ్ళు వదిలారు. దిగువన పూడిక పేరుకుపోయి నీరు ముందుకి పోవటంలేదు. అప్పుడేమవుతుంది? వెనక్కి ఎగదన్ని పిల్లకాలువల్లోకి ఎక్కుతుంది. వాటి గట్లు అంత నీటిని ఆపలేక గండి పడుతుంది.

కాలేయం గట్టిపడినా అంతే. పేగుల నుంచి వచ్చే రక్తం అందులోంచి సాఫీగా సాగక, ఆహారనాళం అడుగున ఉన్న సన్నని సిరల్లోకి మళ్ళుతుంది. అవి ఉబ్బుతాయి. వీటినే డాక్టర్లు వేరిసెస్ అంటారు. నొప్పి ఉండదు, మంట ఉండదు. ఒకనాడు చిట్లితే రక్తపు వాంతి! ప్రాణం మీదికి వస్తుంది. వాటిని ముందే చూడటానికే ఎండోస్కోపీ.

అయితే సిర్రోసిస్ ఉన్న వాళ్ళందరికీ ప్రమాదకరమైన సిరలు ఉండవు. మరి ఎవరికి గొట్టం వేయాలి, ఎవరికి అక్కర్లేదు?

రెండు అంకెలు గుర్తుంచుకోండి

ఇటలీలోని బవేనో పట్టణంలో 2015లో సమావేశమైన నిపుణులు దీనికో లెక్క చెప్పారు.

మొదటిది ప్లేట్‌లెట్ల సంఖ్య. రక్తం వెనక్కి తన్నినప్పుడు ప్లీహం కూడా పెరుగుతుంది. మన అమ్మమ్మలు ‘కడుపులో బల్ల’ అన్నది దీన్నే. పెరిగిన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలోనే ఆపేసుకుంటుంది. అందుకని రక్తంలో వాటి లెక్క తగ్గుతుంది.

రెండోది ఫైబ్రోస్కాన్. పరగడుపున, లేదా తిన్నాక కనీసం మూడు గంటలు ఆగి చేయించుకోవాలి. వెల్లకిలా పడుకుంటే కుడివైపు పక్కటెముకల మధ్య చిన్న పరికరం ఆనిస్తారు. వేలితో తట్టినట్టుంటుంది, అంతే. సూది లేదు, గొట్టం లేదు. పది నిమిషాల్లో అయిపోతుంది. కాలేయం ఎంత గట్టిపడిందో కిలోపాస్కల్స్‌లో చెబుతుంది.

ఈ గట్టిదనం 20 కంటే తక్కువ, ప్లేట్‌లెట్లు లక్షన్నర కంటే ఎక్కువ... రెండూ ఉంటే ప్రమాదకరమైన సిరలుండే అవకాశం నూటికి ఐదు కంటే తక్కువ. అప్పటికి ఎండోస్కోపీ అక్కర్లేదు. ఏ ఒక్కటి తప్పినా చేయించుకోవాల్సి రావచ్చు. అయితే ఈ లెక్క కాలేయం ఇంకా తన పని తాను చేసుకుంటున్న వాళ్ళకే. పొట్టలో నీరు చేరినవాళ్ళకీ, రక్తపు వాంతి అయినవాళ్ళకీ వర్తించదు. డెంగీ లాంటి జ్వరాల్లోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. కాబట్టి రిపోర్టు చూసి మీరే నిర్ణయించుకోకుండా డాక్టరుకి చూపించండి.

‘ఈ ఏడాదికి’ అన్నమాట మరవొద్దు

పెద్దమ్మని బతిమాలి విజయవాడ తీసుకెళ్ళాం. గట్టిదనం 17, ప్లేట్‌లెట్లు 1,70,000. ‘‘ఈ ఏడాదికి గొట్టం అక్కర్లేదమ్మా’’ అన్నారు డాక్టరుగారు. ఆవిడ మొహం చేటంత అయింది.

ఏడాది తిరిగింది. ‘‘అక్కర్లేదన్నారుగా, మళ్ళీ ఎందుకే?’’ అంది. పట్టుబట్టి తీసుకెళ్ళాం. ప్లేట్‌లెట్లు 1,30,000కి దిగాయి. ఈసారి గొట్టం తప్పలేదు. మత్తిచ్చి చూస్తే సిరలు బాగా ఉబ్బి ఉన్నాయి. చిట్లకముందే దొరికాయి! మాత్రలు మొదలుపెట్టారు. ‘‘ఇంతేనా! దీనికా నేను హడలిపోయింది?’’ అని బయటికొచ్చి ఆవిడే నవ్వింది. ఆ ఏడాది ఊరుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది.

ఒత్తిడి తగ్గించటానికి ప్రొప్రనలాల్, కార్వెడిలాల్ మాత్రలిస్తారు. ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి. సొంతంగా మానేయకూడదు. కొందరికి ఎండోస్కోపీలోనే ఉబ్బిన సిరకి రబ్బరు బ్యాండు వేస్తారు.

ఇల్లాలి చేతిలో ఉన్నవి

• రిపోర్టులన్నీ తేదీల వరసన ఒకే సంచిలో పెట్టండి. ఒక్క అంకె కంటే ఏటేటా అది ఎటు పోతోందన్నదే ముఖ్యం.

• పథ్యం పేరుతో కడుపు మాడ్చకండి. పప్పు, పెరుగు, గుడ్డు పెట్టండి. పడుకునేముందు కాస్త ఏదైనా తినిపించండి. పొట్టలో నీరుంటే ఊరగాయలు, అప్పడాలు, ఉప్పు తగ్గించాలి.

• కామెర్లకి పసరు, ఒళ్ళు నొప్పులకి దుకాణంలో అడిగి తెచ్చే బిళ్ళలు వద్దు. మద్యం చుక్కైనా వద్దు.

• రక్తపు వాంతి అయినా, విరోచనం తారులా నల్లగా వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

పాలవాడి లెక్క క్యాలెండరు మీద రాసుకుంటాం కదా! ఆ పక్కనే వచ్చే ఏడాది పరీక్ష తేదీ కూడా రాసిపెట్టుకోండి.