బాపట్ల బియ్యానికి పలు ధరలు: ఒకే వస్తువు ధర దేశాన్ని బట్టి మారడానికి కారణాలు

వ్యాససంగ్రహం:

ఒకే వస్తువు వేర్వేరు దేశాలలో వేర్వేరు ధరలకు అమ్ముడుపోవడానికి గల కారణాలను బాపట్లలో రూపొందిన సాంబమసూరి వరి వంగడం, తెనాలి పట్టణంలోని సేవలు, రేపల్లె ప్రాంతపు రొయ్యల సాగు ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. రవాణా, స్థానిక వేతనాలు, ప్రభుత్వ విధానం, విపణి విభజన, మారకపు రేటు అనే అంశాలను పరిశీలించి, విదేశీ చిల్లర ధరలో అధికభాగం ఆ వస్తువు అమ్ముడయ్యే చోటికి చెందినదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఏకధర సూత్రం, కొనుగోలు శక్తి సామ్యం, మారకపు రేటు, సాంబమసూరి, వర్తకేతర సేవలు.

1. ఉపోద్ఘాతం

బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204 వరి వంగడం సాంబమసూరి అనే పేరుతో ప్రసిద్ధమైంది. పేరులోని 'బి.పి.టి.' అక్షరాలు బాపట్లనే సూచిస్తాయి. సుమారు 150 రోజుల పంటకాలం గల ఈ సన్నరకం కృష్ణా డెల్టాను దాటి అనేక రాష్ట్రాలకు వ్యాపించింది. ఈ కోవకు చెందిన సన్నబియ్యం నేడు సోనామసూరి అనే వాణిజ్యనామంతో అమెరికాలోని భారతీయ కిరాణా దుకాణాలలోనూ లభిస్తున్నది. తెనాలి బియ్యం కొట్టులో కిలో ధరను, న్యూజెర్సీ దుకాణంలోని ధరను రూపాయలలోకి మార్చి పోల్చినవారికి రెండింటి మధ్య రెట్టింపుకు మించిన వ్యత్యాసం కనిపిస్తుంది.

ఈ వ్యత్యాసాన్ని చూసి సాధారణంగా రెండు అభిప్రాయాలు ఏర్పడుతుంటాయి. మధ్యవర్తులే లాభమంతా అనుభవిస్తున్నారన్నది ఒకటి. అక్కడి జీతాలను రూపాయలలోకి మార్చి చూస్తే అక్కడి సంపద ఎంతో తెలిసిపోతుందన్నది రెండవది. ఈ రెండూ పాక్షిక సత్యాలే. వీటిని పరిశీలించడానికి ముందు అర్థశాస్త్రంలోని ఒక మౌలిక సూత్రాన్ని గుర్తుచేసుకోవాలి.

2. ఏకధర సూత్రం

రవాణా ఖర్చులు, సుంకాలు, ఇతర ఆటంకాలు లేనప్పుడు ఒకే వస్తువుకు అన్నిచోట్లా ఒకే ధర ఉండాలన్నది ఏకధర సూత్రం. చౌకగా ఉన్నచోట కొని, ప్రియంగా ఉన్నచోట అమ్మే వర్తకులే దీనికి చోదకశక్తి. బాపట్ల ధర కంటే తెనాలి ధర లారీ కిరాయి, హమాలీ ఖర్చులను మించి పెరిగితే, బియ్యం బస్తాలు బాపట్ల నుంచి తెనాలికి చేరతాయి. సరుకు చేరినకొద్దీ తెనాలిలో ధర తగ్గుతుంది, బాపట్లలో పెరుగుతుంది. చివరకు రవాణా ఖర్చు మేరకే వ్యత్యాసం మిగులుతుంది.

ఈ ప్రాంతానికి ఇటువంటి వర్తకం కొత్తది కాదు. రేపల్లెకు సమీపంలోని నిజాంపట్నానికి 1606లో డచ్చి వర్తకులు, 1611లో గ్లోబ్ నౌకపై ఇంగ్లీషు వర్తకులు వచ్చారు. ఇక్కడి అద్దకపు వస్త్రాలకు తూర్పు ద్వీపాలలో గిరాకీ ఉండేది. ఆ ద్వీపాల సుగంధద్రవ్యాలకు ఐరోపాలో గిరాకీ ఉండేది. రెండు చోట్ల ధరల మధ్య ఉన్న అంతరమే సముద్రయానపు ప్రమాదాలకు తగిన ప్రతిఫలమైంది.

ఈ సూత్రాన్ని ఒక్క వస్తువుకు పరిమితం చేయక, మొత్తం ధరల స్థాయికి విస్తరింపజేసినప్పుడు కొనుగోలు శక్తి సామ్య సిద్ధాంతం ఏర్పడుతుంది. స్వీడన్ ఆర్థికవేత్త గుస్తావ్ కాసెల్ 1918లో ఈ పేరును ప్రచారంలోకి తెచ్చాడు. సాంబమసూరి విడుదలైన 1986లోనే 'ది ఎకనమిస్ట్' పత్రిక బిగ్ మాక్ సూచికను ఆరంభించింది. ఒకే సంస్థ తయారుచేసే హాంబర్గర్ ధరను వివిధ దేశాలలో పోల్చి, కరెన్సీల విలువను అంచనా వేయడం దాని ఉద్దేశం. అయితే భారతదేశంలో గొడ్డుమాంసంతో చేసిన బిగ్ మాక్ అమ్మకంలో లేనందున కోడిమాంసపు మహారాజా మాక్‌ను లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది. 'అదే వస్తువు' అని నిర్ధారించడమే కష్టమని దీనివల్ల తెలుస్తున్నది. ఆ దృష్టితో చూస్తే, ఇక్కడ మరపట్టి అక్కడికి పంపిన బియ్యం మరింత అనువైన ఉదాహరణ.

3. బియ్యం సంచిలోని ధర భాగాలు

2025-26 సీజనుకు కేంద్రప్రభుత్వం ప్రకటించిన ఎ-గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2389 రూపాయలు. 75 కిలోల బస్తాకు ఇది సుమారు 1792 రూపాయలవుతుంది. ప్రభుత్వ సేకరణలో 100 కిలోల ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం ఇవ్వాలన్నది మిల్లర్లకు ఉన్న ప్రమాణం. అమెరికాలో ప్రచారంలో ఉన్న 20 పౌండ్ల సంచిలో 9.07 కిలోల బియ్యం ఉంటుంది. ఇందుకు దాదాపు 13.5 కిలోల ధాన్యం కావాలి. మద్దతు ధర ప్రకారం దాని విలువ సుమారు 323 రూపాయలు. సన్నరకాల విపణి ధర దీనికి అటూ ఇటూ ఉండవచ్చు. తవుడు, ఊక, నూకల విలువను ఇక్కడ పరిగణించలేదు.

లెక్క కోసం తెనాలిలో కిలో బియ్యం 60 రూపాయలని, అమెరికాలో సంచి 20 డాలర్లని, డాలరు 85 రూపాయలని అనుకుందాం. అంతే బియ్యం తెనాలిలో 544 రూపాయలు, అమెరికాలో 1700 రూపాయలు అవుతుంది. తెనాలి ధరలో ధాన్యం వాటా 59 శాతం కాగా, అమెరికా ధరలో అది 19 శాతమే. మిగిలిన 81 శాతంలో మరపట్టడం, సంచి కట్టడం, ఓడరేవుకు చేర్చడం, ఓడ కిరాయి, బీమా, దిగుమతి ఖర్చులు, అక్కడి గిడ్డంగి, ట్రక్కు, దుకాణపు అద్దె, సిబ్బంది వేతనాలు, వర్తకుల లాభం ఉంటాయి.

ఈ విభజన నుంచి ఒక ముఖ్యమైన ఫలితం లభిస్తుంది. ధాన్యం ధర 10 శాతం పెరిగి, ఆ భారమంతా వినియోగదారుపై పడితే సంచికి సుమారు 32 రూపాయలు పెరుగుతుంది. తెనాలి గృహిణికి అది 6 శాతం భారం. న్యూజెర్సీ వినియోగదారుకు 2 శాతమే. అట్లాగే అక్కడ దుకాణపు అద్దె పెరిగి బియ్యం ధర హెచ్చినా, ఆ పెరుగుదలలో బాపట్ల రైతుకు చేరేది ఏమీ ఉండదు.

4. వర్తకేతర సేవల పాత్ర

బియ్యం ఓడలో ప్రయాణిస్తుంది. క్షౌరం ప్రయాణించదు. తెనాలిలో క్షౌరం ఎంత చౌక అయినా దానిని న్యూజెర్సీకి ఎగుమతి చేయడం సాధ్యం కాదు. కనుక ఇటువంటి సేవలకు ఏకధర సూత్రం వర్తించదు. తెనాలిలోనూ అమెరికాలోనూ ఒక క్షురకుడు గంటకు చేయగల క్షౌరాల సంఖ్యలో పెద్ద తేడా ఉండదు. అయినా ప్రతిఫలంలో ఎన్నో రెట్ల తేడా ఉంటుంది.

ఈ సమస్యకు బేలా బలస్సా, పాల్ శామ్యూల్‌సన్ 1964లో వేర్వేరుగా ఇచ్చిన వివరణ నేటికీ ప్రామాణికం. సంపన్న దేశాలలో ఎగుమతికి వీలైన వస్తువుల ఉత్పత్తిరంగంలో శ్రామిక ఉత్పాదకత చాలా అధికం. అందువల్ల అక్కడ వేతనాలు హెచ్చుగా ఉంటాయి. క్షురకుడికి, దుకాణపు గుమాస్తాకు దానికి దీటైన వేతనం ఇవ్వకపోతే వారు ఆ పనులలోనికి మళ్ళుతారు. కనుక ఉత్పాదకత పెరగని సేవలలో కూడా వేతనాలు, వాటితో ధరలు పెరుగుతాయి. బియ్యం సంచిని అరలో పేర్చే చేతికి కూడా ఇదే వర్తిస్తుంది. ప్రతి వస్తువు చిల్లర ధరలోనూ ఇటువంటి సేవలు ఇమిడి ఉండటం వల్ల, ప్రయాణించగల బియ్యం కూడా అమ్మకపు స్థలంలోని వేతనస్థాయిని తనలో కలుపుకొంటుంది.

5. సరిహద్దు, ప్రభుత్వ విధానం

తెనాలికి, హైదరాబాదుకు మధ్య ధరల అంతరాన్ని చాలావరకు దూరం వివరిస్తుంది. దేశాల మధ్య దూరం ఒక్కటే చాలదు. అమెరికా, కెనడా నగరాల ధరలను పరిశీలించిన ఛార్లెస్ ఏంగెల్, జాన్ రోజర్స్ 1996లో ఈ విషయాన్ని నిరూపించారు. సమానదూరంలో ఉన్న నగరాలైనా, మధ్యలో సరిహద్దు ఉంటే వాటి సాపేక్ష ధరలలో ఒడుదొడుకులు ఎంతో అధికమని వారు గుర్తించారు.

సరిహద్దు శక్తి ఎటువంటిదో 2023లో తెలుగువారికి అనుభవమైంది. ఆ సంవత్సరం జూలై 20న భారత ప్రభుత్వం బాస్మతేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. దేశంలో ధరలను అదుపుచేయడం దీని లక్ష్యం. వార్త వెలువడగానే అమెరికాలోని భారతీయ దుకాణాలలో సోనామసూరి సంచుల కోసం కొనుగోలుదారులు బారులు తీరారు. అక్కడి నిల్వలు అప్పటికప్పుడు తరగకపోయినా, రాబోయే కొరత ఊహే ధరను పెంచింది. 2024 సెప్టెంబరు 28న టన్నుకు 490 డాలర్ల కనీస ఎగుమతి ధర షరతుతో నిషేధాన్ని తొలగించారు. అక్టోబరు 23న ఆ షరతును కూడా ఎత్తివేశారు. దాదాపు 14 నెలలపాటు ఈ వస్తువు విషయంలో ఏకధర సూత్రాన్ని నడిపించే వర్తకమే స్తంభించింది.

ఇటువంటి నిషేధం దేశీయ వినియోగదారుకు మేలు చేసే ఉద్దేశంతో విధించినదైనా, విదేశీ ధర వల్ల రైతుకు లభించగల అదనపు ఆదాయాన్ని నిరోధిస్తుంది. ధరల అంతరం ఎవరికి లాభమన్న ప్రశ్న ఇక్కడ విధానపరమైన ప్రశ్న అవుతుంది.

6. విపణి విభజన

సరిహద్దు మూలంగా విపణులు వేరుపడినప్పుడు వర్తకులు ఒక్కొక్క విపణిలోని గిరాకీని బట్టి ధర నిర్ణయించగలరు. ఈ ధోరణిని పాల్ క్రుగ్‌మన్ 1987లో విశ్లేషించాడు. ప్రవాసాంధ్రులకు సోనామసూరి రుచి అలవాటైన రుచి. థాయ్ జాస్మిన్ బియ్యమో, అమెరికాలో పండిన పొడవు గింజ బియ్యమో దానికి పూర్తి ప్రత్యామ్నాయం కాలేదు. కనుక ధర కొంత పెరిగినా వారి గిరాకీ అంతగా తగ్గదు. తెనాలిలో పక్క కొట్టు, పక్క మిల్లు, పలు రకాల సన్నబియ్యం అందుబాటులో ఉన్నందున పోటీ తీవ్రం.

7. రేపల్లె తీరంలో వ్యతిరేక దిశ

బియ్యం విషయంలో ధర ఇక్కడి నుంచి అక్కడికి పెరుగుతూ పోతుంది. రొయ్యల విషయంలో అక్కడి ధర ఇక్కడి చెరువుగట్టుకు దిగివస్తుంది. భారతదేశంలో 2009 నుంచి అనుమతి పొందిన వనామీ రొయ్య రేపల్లె, నిజాంపట్నం పరిసరాలలోని తీరప్రాంత జీవనాన్ని మార్చింది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న 'కౌంటు'ను బట్టి ధర నిర్ణయమవుతుంది. ఆ ధరకు ఆధారం ప్రధానంగా విదేశీ గిరాకీయే.

2025 ఆగస్టులో అమెరికా భారతీయ వస్తువులపై రెండు విడతలుగా 25 శాతం చొప్పున మొత్తం 50 శాతం అదనపు సుంకం విధించింది. అమెరికా వినియోగదారుకు ఈక్వడార్ వంటి దేశాల రొయ్యలు అందుబాటులో ఉన్నాయి. పట్టుబడికి వచ్చిన రొయ్యను రైతు చెరువులో ఎక్కువకాలం నిలుపుకోలేడు. ప్రత్యామ్నాయం తక్కువగా ఉన్న పక్షంపైనే పన్ను భారం అధికంగా పడుతుందన్నది పన్ను భార సిద్ధాంతం. కనుక సుంకం వాషింగ్టన్‌లో విధించినా, దాని భారంలో కొంత చెరువుగట్టు ధర తగ్గుదల రూపంలో రైతును చేరుతుంది.

8. మారకపు రేటు, కొనుగోలు శక్తి

అంతర్జాతీయ పోలిక కార్యక్రమం 2017 లెక్కల ప్రకారం డాలరు మారకపు రేటు 65.12 రూపాయలు. అమెరికాలో ఒక డాలరుతో కొనగలిగే వస్తుసేవలను భారతదేశంలో కొనడానికి కావలసినది 20.65 రూపాయలు మాత్రమే. ఈ అంతరంలో ప్రధాన భాగం సేవల చౌకదనం వల్ల ఏర్పడింది.

విదేశీ విద్యకు రుణం తీసుకునే కుటుంబాలకు ఈ రెండు సంఖ్యల భేదం అత్యంత ముఖ్యం. 80,000 డాలర్ల వార్షిక వేతనం మారకపు రేటులో 52 లక్షల రూపాయలను మించుతుంది. కాని అందులో 60,000 డాలర్లు అక్కడే ఖర్చయితే, ఆ ఖర్చు ఇక్కడి 12.39 లక్షల రూపాయల జీవనస్థాయితో సమానం. మిగిలిన 20,000 డాలర్లను ఇంటికి పంపితే వాటికి మాత్రం మారకపు రేటు వర్తించి 13.02 లక్షల రూపాయలు చేతికందుతాయి. రుణం తీర్చేది ఈ రెండవ భాగమే. వేతనమంతటినీ ఒకే రేటుతో గుణించడం వల్ల రుణభారాన్ని తక్కువగా అంచనా వేసే ప్రమాదం ఉన్నది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల ఒకే వస్తువు ధర దేశాన్ని బట్టి మారడం విపణి వైఫల్యానికో, కేవలం మధ్యవర్తుల దురాశకో నిదర్శనం కాదని తేలుతున్నది. చిల్లర ధరలో వస్తువు విలువతోపాటు అది అమ్ముడయ్యే చోటి వేతనాలు, అద్దెలు, సుంకాలు, గిరాకీ స్వభావం కలిసి ఉంటాయి. వస్తువు ప్రయాణిస్తుంది గాని, ఈ అంశాలు ప్రయాణించవు.

అందువల్ల విదేశీ ధర పెరుగుదలను రైతు ఆదాయపు పెరుగుదలగా భావించరాదు. మరపట్టడం, శ్రేణీకరణ, సంచి కట్టడం, వంగడం పేరుతో గుర్తింపు పొందడం వంటి దశలు ఎంతవరకు ఉత్పత్తి ప్రాంతంలో జరిగితే అంతవరకే ఆ అంతరంలో వాటా ఇక్కడ నిలుస్తుంది. బాపట్ల పేరును వంగడం సంఖ్యలో మోస్తున్న బియ్యం, విదేశీ దుకాణానికి చేరేసరికి ఆ పేరును కోల్పోతున్నది. తెనాలి మిల్లుల ధరలను, విదేశీ చిల్లర ధరలను కాలక్రమంలో నమోదుచేసి పోల్చే పరిశోధనలు జరిగితే, ఏ దశలో ఎంత విలువ చేరుతున్నదో కచ్చితంగా తెలియగలదు.