దగ్గఱకు రమ్మను లెన్సు

జమ్మలమడుగునకు పడమట 15 కిలోమీటర్ల దూరమున, ఎఱ్ఱమల కొండలను కోసికొని పెన్నానది పాఱుచున్న గండి యంచున నిలిచి, ప్రాతఃకాలపు నీరెండ యెఱ్ఱని బండలమీదికి మెల్లమెల్లగా దిగివచ్చుట చూచినవాడు, చేత కెమెరా యున్నయెడల, మొట్టమొదట కోరునది యొక్కటే: ఈ కొండలు, ఈ కోట, ఈ లోయ, అడుగున మెలికలు దిరిగిన ఆ నీరు, కంటికి గనబడుచున్నదంతయు నొక్క చిత్రములో నిమిడిపోవలెనని. నేనును మొదటిసారి గండికోటకు బోయినప్పు డట్లే కోరితిని. అందులకై 15 మిల్లీమీటర్ల విశాలకోణపు లెన్సు నొకదానిని మిత్రునివద్ద నెరవు దీసికొని, లోయ యంచున నిలిచి, తనివిదీఱ చిత్రములు దీసికొని యింటికి వచ్చి చూచుకొంటిని. లోయ లేదు. పైన సగముమేర వట్టి యాకాశము, క్రింద సగముమేర నా కాళ్ళముందటి బోడిబండ, ఆ రెంటి నడుమ నొక సన్నని చార. మనుష్యునికి మాట రానీయనంతటి లోయ, గోడకు బడిన పగులువలె నైపోయినది. ఆనాడు నేర్చిన పాఠమే యీ వ్యాసమునకు మూలము. విశాలకోణపు లెన్సు విశాలమైన వస్తువుల కొఱకు బుట్టినది గాదు. సమీపమున నున్న వస్తువుల కొఱకు బుట్టినది.

దీనికి గారణము దెలిసికొనుటకు గొప్ప గణితమక్కఱలేదు. పాఠశాలలో మనము నాభ్యంతరమని చదువుకొన్న కొలతయే ప్రతి లెన్సు కంఠముమీదను మిల్లీమీటర్లలో చెక్కియుండును. ఆ సంఖ్య తగ్గినకొలది చూపు వెడల్పగును: 50 లెన్సు అడ్డముగా సుమారు 40 డిగ్రీల మేర చూచును, 35 లెన్సు 54 డిగ్రీలు, 28 లెన్సు 65, 21 లెన్సు 81, 15 లెన్సు నూఱు డిగ్రీలు చూచును. అయితే చూపు వెడల్పైనకొలది వస్తువు చిన్నదగుననుట మఱవరాదు. ఆఱడుగుల మనుష్యుడు నూఱడుగుల దూరమున నిలిచినచో, 24 మిల్లీమీటర్ల యెత్తుగల చిత్రఫలకముమీద, 50 లెన్సు వాని బింబమును 3 మిల్లీమీటర్ల యెత్తున నిలుపును. 28 లెన్సు దానిని 1.7 మిల్లీమీటర్లకు దించును. 15 లెన్సులో వాడు నిండు మిల్లీమీటరైనను ఉండడు. ఆ మనుష్యుడే ఆఱడుగుల దూరమునకు నడచివచ్చెనా, అదే 15 లెన్సులో 15 మిల్లీమీటర్ల యెత్తున, ఫలకములో సగమునకు మించి పెరిగి నిలుచును. దూరపు వస్తువును కృశింపజేసి, దగ్గఱి వస్తువును పోషించుట ఈ జాతి లెన్సులకు సహజగుణము.

ఇక రేంజిఫైండరు కెమెరా సంగతి. మన పెండ్లిండ్లలో చిరకాలముగా గనబడుచున్న ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో లెన్సుగుండ వచ్చిన వెలుతురే లోపలి యద్దముపై బడి కంటికి జేరును. రేంజిఫైండరులో చిత్రము దీయు లెన్సు వేఱు, ఫొటోగ్రాఫరు చూచు గవాక్షము వేఱు. ఆ గవాక్షము నడుమ నొక చిన్న వెలుగుమచ్చలో వస్తువు రెండుగా గనబడును; లెన్సు కంఠమందలి యుంగరమును ద్రిప్పినకొలది నా రెండు బింబములును జరుగుచు వచ్చి, ఒకదానిపై నొకటి కుదురుకొన్నంతనే దూరము సరిపడినదని తెలియును. ప్రొద్దుటూరు బంగారపు బజారులో పాతకాలపు త్రాసును చూచినవారికి దీనిని వేఱుగా జెప్పనక్కఱలేదు. రెండు తట్టలును ఊగి ఊగి, ముల్లు నడిమిగీతపై నిలుచునప్పుడు కంసాలి కంటిలో గనబడు నిశ్చయమే, బింబములు రెండును గలిసినప్పుడు ఫొటోగ్రాఫరునకు గలుగును.

దూరమును గొలుచు ఈ యేర్పాటును లెన్సుతో జోడించిన లైకా కెమెరా 1932లో వెలువడినది. 1954లో వచ్చిన ఎం3తో ఈ జాతి పరిపూర్ణరూపము దాల్చినది. ఆ నాటి ఎం బిగింపునకు జేసిన లెన్సులు నేటి డిజిటల్ దేహమునకును జాలవఱకు చక్కగా దగులుకొనును. ఇట్టి దేహములో నద్దము లేదు గావున, లెన్సు వెనుకటి గాజు ఫిల్ముకు మిక్కిలి సమీపమువఱకు బోవచ్చును. అందుచేత విశాలకోణపు లెన్సులు చిన్నవిగా, తేలికగా, సరళరేఖలను వంచకుండ నుండునట్లు రూపొందుట సులభమైనది. లుడ్విగ్ బెర్టెలె జైస్ సంస్థకై 1950వ దశకమున రూపొందించిన 21 మిల్లీమీటర్ల బయోగాన్ ఇందులకు ప్రసిద్ధమైన యుదాహరణము.

ఫిల్ముకు వరమైన యీ సామీప్యమే డిజిటల్ సెన్సరునకు చిక్కైనది. సెన్సరుమీది ప్రతి కణమును ఒక చిన్న బావివంటిది. మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిమీద నున్నప్పుడు మన కడప పల్లెల లోతుబావులలో నీరు మిలమిల మెఱయును. ఉదయపుటెండ యేటవాలుగా వచ్చునప్పుడు దరియే వెలుగును గాని యడుగు చీకటిగనే యుండును. లెన్సు వెనుకటి గాజు సెన్సరునకు మఱీ దగ్గఱగా నున్నయెడల అంచులయందలి కణములపై కిరణములు మిక్కిలి యేటవాలుగా బడి, చిత్రము మూలలు చీకట్లు గ్రమ్ముటయు, అంచులయందు గులాబియో ఊదాయో అయిన రంగు పొడచూపుటయు సంభవించును. దీనిని నివారించుటకు సెన్సరు శిల్పులు అంచులయందలి కణములపై నుండు సూక్ష్మకటకములను నడిమివైపునకు జరిపిరి. లైకావారు లెన్సు బిగింపుమీద నాఱు గుర్తుల సంకేతమునుంచి, ఏ లెన్సు దగిలించిరో కెమెరా తానే చదువుకొని దోషమును దిద్దునట్లు చేసిరి. లెన్సు శిల్పులును మార్గము మార్చుకొనిరి: వోయిక్ట్‌లాండర్ 15 లెన్సు 1999లో మొదట వచ్చినప్పుడు ఫిల్ముకై పుట్టినది, 2015లో వచ్చిన మూడవ నమూనాలో కిరణములు సెన్సరుపై నిటారుగా బడునట్లు కటకముల కూర్పునే మార్చిరి. కావున పాతలెన్సు కొనువాడు వెల యడుగుటకు ముందు, ఇది ఫిల్మునాటిదా, సెన్సరునాటిదా యని యడుగవలెను.

సెన్సరు పరిమాణమును అట్లే విచారింపవలెను. 2004లో వచ్చిన ఎప్సన్ ఆర్-డి1 మొట్టమొదటి డిజిటల్ రేంజిఫైండరు. దాని సెన్సరు చిన్నది యగుటచే 28 లెన్సు అందు 43 లెన్సువలె చూచును. 2006నాటి లైకా ఎం8లో 28 లెన్సు 37 లెన్సైపోవును. 2009లో ఎం9 వచ్చిన తరువాతనే ఫిల్మంతటి నిండు ఫలకము డిజిటల్ రేంజిఫైండరున కబ్బినది. ఎరవు దెచ్చుకొన్న పాత దేహముమీద 21 లెన్సు పెట్టి, మిత్రుని నిండుఫలకపు కెమెరాలో గనిపించిన వెడల్పు తనకేల రాలేదని చింతించువా డీ లెక్క దెలిసికొన్నచో ఊఱడిల్లును.

గవాక్షముయొక్క హద్దును మఱియొకటి గలదు. నిండుఫలకపు ఎం జాతి డిజిటల్ కెమెరాల గవాక్షములో 28 వఱకే, చిత్రపు హద్దులను జూపు చట్రపుగీతలు గనబడును. కండ్లద్దములు పెట్టుకొన్నవారికి ఆ గీతలును అంచులయందు దాగిపోవుచుండును. అంతకంటె వెడల్పైన లెన్సు పెట్టినప్పుడు కెమెరా నెత్తిమీద వేఱొక చిన్న వ్యూఫైండరును దగిలించుకొనవలెను, లేదా తరువాతి నమూనాలలో వెనుకతెరపై ప్రత్యక్షముగా గనబడు బింబమును చూచి తీయవలెను. వేఱు వ్యూఫైండరు వాడినచో బింబములు గలుపుట కొకచోట, చట్రము చూచుట కొకచోట కన్ను పెట్టవలసివచ్చును. ఇది యభ్యాసముచే నలవడును. కాని మొదటి లెన్సు కొనువాని కింత శ్రమ యక్కఱలేదు.

ఇప్పుడు మన యూళ్ళకు వత్తము. దసరా దినములలో ప్రొద్దుటూరు చూడనివాడు వేడుక చూడలేదనవచ్చును. విజయదశమి రాత్రి వాసవీ కన్యకాపరమేశ్వరి యమ్మవారి తొట్టిమెరవణి వెడలునప్పుడు, దీపముల కాంతిలో వీధి యెల్ల జనమై, అడుగు తీసి అడుగు పెట్టుటకు జాగా యుండదు. అక్కడ వెనుకకు జరుగుదమన్నను జరుగలేము. 50 లెన్సు పెట్టినవానికి ఎదుటివాని వీపు దప్ప మఱేమియు దక్కదు. 28 లెన్సు అచ్చటి కొఱకే పుట్టినదా యనిపించును. రాత్రి వెలుతురు తక్కువగాన లెన్సులో వెలుతురు వచ్చు రంధ్రమును (అపర్చరును) 2.8 వఱకు దెఱచి, దూరమును పదియడుగులకు బిగించి విడిచినచో, ఏడున్నర యడుగులనుండి పదునాలుగడుగుల వఱకు నున్న ముఖములన్నియు స్పష్టముగా వచ్చును. బింబములు గలుపుకొనుచు నిలుచుటకు వ్యవధి లేని యా గుంపులో, మనము చేయవలసినదెల్ల పదియడుగులను కంటితో గుర్తెఱుగుటయే. పగలైనచో రంధ్రము 8కి మూసి, పదునొకం డడుగులకు బిగించినంతమాత్రమున అయిదున్నర యడుగులనుండి కంటి కానినంత దూరము వఱకు స్పష్టమగును. ఈ లెక్కలు ఫిల్మునాటివి. నేటి సెన్సర్లు సూక్ష్మమైన మసకను సైతము పట్టి చూపును గావున, వెలుతు రున్నప్పుడు రంధ్రము నింకొక మెట్టు మూయుట మేలు.

పులివెందుల చుట్టుపట్లనున్న యరటితోటలలో నాకు 35 లెన్సు ప్రియమైనది. అచ్చటి వెలుతురు ఆకులగుండ వడిసి పచ్చగా, మెత్తగా నుండును. ఒకనాడు గెలలు కోయుచున్న వారిని దూరమునుండి చిత్రింపబోగా, వారిలో నొక వృద్ధుడు గెలను భుజమునుండి దించి, "అంత దూరంలో నిలబడుకుంటే ఏం కనపడతాది నాయనా, ఇట్ల దగ్గరికి రా!" అని చేయి యూపెను. పోయి ఆయన ప్రక్కన గూర్చుంటిని. అరటిపాలకు నల్లబడిన యాయన వ్రేళ్ళు, కొడవలి, గెలమీది మంచుచుక్క, వెనుక వరుసగా బోయిన చెట్లు, అన్నియు నొకే చిత్రములో దమతమ స్థానముల నమరినవి. మనిషి ముఖమును చెక్కుచెదరనీయక, ఆతని పరిసరమును గూడ బిలుచుకొని వచ్చుట 35 లెన్సు విద్య. 21 లెన్సుతో నదే చేసినచో అంచునకు వచ్చిన ముఖములు ప్రక్కకు సాగి కోలగా నగును. అందుచే ఇంటి పెద్దలను నిలువబెట్టి తీయు గుంపుచిత్రములలో నా లెన్సును వాడరాదు, వాడినను పెద్దలను నడుమ నిలుపవలెను.

21 లెన్సునకు దగిన చోటు గండికోటయే. కోటలోని ధాన్యాగారపు చీకటి కప్పుల క్రింద, గోడకు వీపానించి నిలిచినను, చూరునుండి నేలవఱకు జూపగలది యదియే. కాని మాధవరాయస్వామి గోపురము ముందు నిలిచి కెమెరాను పైకెత్తితిరా, గోపురము వెనుకకు వ్రాలినట్లు పడును. కెమెరాను మట్టముగా బట్టుకొని, ముందటి నేలను గొంత చిత్రములోనికి రానిచ్చినచో గోపురము నిటారుగా నిలుచును. మేస్త్రీలు గోడ గట్టునప్పుడు వాడు రసమట్టమువంటి చిన్న బుడగ నొకదానిని కెమెరా నెత్తిన దగిలించుకొనిన ఈ పని సులభమగును. లోయ యంచున మాత్రము ఫైండరులో చూచుచు నడువరాదు. ఈ లెన్సులో నంచు ఉన్నదానికంటె దూరముగా గనబడును.

ఇన్ని చెప్పిన పిమ్మట, ఒక్కటే కొనదలచినవాడేమి కొనవలెనని యడిగినచో నా మాట నిస్సంశయము: నిండుఫలకపు కెమెరాకు 28, సెన్సరు చిన్నదైనచో 21. 28 గవాక్షములోనే నిముడును, 21కి మాత్రము వేఱు వ్యూఫైండరు కావలెను; రెండును వీధిలో జాలును, కోటలోను చేయి విడువవు. వాడిన లెన్సు కొనుచున్నచో టార్చిలైటు నొకప్రక్కనుండి వేసి లోపలి గాజులను జూడుడు. తేమగల యూళ్ళలో పెట్టెలో మూసియుంచిన లెన్సునకు సాలెగూడువంటి బూజు పట్టియుండును. తరువాత దూరపు కొండపై బింబములు గలిసిన క్షణమున ఉంగరము అనంతపు గుర్తుకడ నిలుచుచున్నదో లేదో పరీక్షింపుడు. వీలైనచో ఎరవు దెచ్చుకొని నాలుగు దినములు మీ యూరిలోనే వాడి చూడుడు.

పులివెందుల వృద్ధుని పిలుపు చెవిలో నుండగనే మఱల గండికోటకు బోయితిని. ఈసారి నిలువలేదు, బండమీద మోకరిల్లితిని. రెండడుగుల దూరమున రాతి నెఱ్ఱెలో వేళ్ళూనిన చిన్న గడ్డిదుబ్బు గలదు. 21 లెన్సును దానికి జేరువగా దించి, దూరమును గుదిర్చి, గడ్డిపఱకలమీది వెలుతురు నిలకడగొనువఱకు వేచితిని. చిత్రములో గడ్డి పెద్దదైనది, బండ పెద్దదైనది, ఆ బండ యంచు తెగినచోట అడుగెక్కడనో పెన్న సన్నగా మెఱసినది. మునుపటి చిత్రములలో నెంత వెదకినను గనబడని లోతు, ఆ గడ్డిదుబ్బు చెంతనుండి క్రిందికి దిగిపోవుచు గనబడినది.