డిక్రీతో పూర్తికాని పంపకం: విడాకుల తరువాత పింఛనులో వాటా

అమెరికాలో దంపతులు విడిపోయినప్పుడు ఇల్లు, బ్యాంకు ఖాతాలతో పాటు, కాపురం సాగిన కాలంలో ఉద్యోగం ద్వారా సమకూరిన పింఛను కూడా సాధారణంగా పంచవలసిన ఆస్తిగానే లెక్కకు వస్తుంది. ఉద్యోగం ఒకరి పేరున ఉన్నా, ఇంటి భారం మోసిన రెండవవారి శ్రమ కూడా అందులో చేరి ఉన్నదన్న న్యాయమైన భావనే దీనికి ఆధారం. వాటాను లెక్కగట్టేటప్పుడు ఉద్యోగకాలంలో ఎంత భాగం వివాహకాలంతో కలిసిందో చూస్తారు. 30 ఏళ్ల ఉద్యోగంలో 15 ఏళ్లు కాపురంలో గడిచి ఉంటే, పింఛనులో సగం ఉమ్మడి ఆస్తి అవుతుంది. దానిని సమంగా పంచితే మాజీ భాగస్వామికి మొత్తం పింఛనులో నాలుగవ వంతు దక్కుతుంది.

అయితే డిక్రీలో వాటా రాసినంత మాత్రాన సొమ్ము చేతికి రాదు. ప్రైవేటు సంస్థల పింఛన్లకు వర్తించే 1974 నాటి ఎరిసా చట్టం, ఉద్యోగి వృద్ధాప్యానికి రక్షణగా, ఆ సొమ్మును ఇతరులకు బదలాయించడాన్ని నిషేధించింది. ఈ నిషేధం విడాకులు పొందినవారికి చిక్కులు తెచ్చిపెట్టగా, 1984లో రిటైర్మెంట్ ఈక్విటీ చట్టం ‘క్వాడ్రో’ అనే ప్రత్యేక ఉత్తర్వుకు మినహాయింపు ఇచ్చింది. ఇరువురి పేర్లు, చిరునామాలు, వాటా మొత్తం లేదా దానిని లెక్కించే పద్ధతి, చెల్లింపుల కాలం, పింఛను పథకం పేరు ఇందులో స్పష్టంగా ఉండాలి. కోర్టు జారీ చేసిన ఈ ఉత్తర్వును పథక నిర్వాహకులు పరిశీలించి ఆమోదించిన తరువాతే మాజీ భాగస్వామికి నేరుగా చెల్లింపు జరుగుతుంది.

ఇక్కడ ఆలస్యమే పెద్ద శత్రువు. ఉత్తర్వు ఆలస్యంగా వచ్చినదన్న ఒక్క కారణంతో దానిని తిరస్కరించరాదని 2006 నాటి చట్టం చెప్పినా, ఈలోగా ఉద్యోగి మరణించినా, సొమ్మంతా తీసుకుని వెళ్లిపోయినా, పంచడానికి ఏమీ మిగలకపోవచ్చు.

సైనికుల, ప్రభుత్వోద్యోగుల పింఛన్లకు ఎరిసా వర్తించదు. సైనిక పింఛన్ల పంపకాన్ని 1982 నాటి ప్రత్యేక చట్టం రాష్ట్ర కోర్టులకు అప్పగించింది. వివాహమూ సైనిక సేవా కనీసం 10 ఏళ్లు కలిసి సాగినప్పుడే రక్షణశాఖ వాటాను నేరుగా చెల్లిస్తుంది. అంతకు తక్కువైతే హక్కు పోదు గాని, సొమ్మును పింఛను పొందే సైనికుడి నుంచే రాబట్టుకోవాలి. చెల్లించవలసినవారు మొండికేస్తే కోర్టు ధిక్కార చర్యలను ఆశ్రయించవచ్చు. అయితే సైనికుడు పింఛనులో కొంత వదులుకుని అంగవైకల్య భృతి తీసుకుంటే, ఆ మేరకు కలిగిన నష్టాన్ని భర్తీ చేయమని రాష్ట్ర కోర్టులు ఆదేశించలేవని 2017లో హోవెల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు మరొక సంగతి గమనించాలి. క్వాడ్రో అక్కడి రాష్ట్రాల కుటుంబ చట్టాల కింద వెలువడవలసినది కనుక, హైదరాబాదులోనో విజయవాడలోనో పొందిన విడాకుల డిక్రీని చూపి పథకం నుంచి వాటా కోరడం సాధ్యం కాదు. అందుకు అమెరికా రాష్ట్ర కోర్టు ఉత్తర్వు అవసరం.

అందువల్ల విడాకుల ఒప్పందం రాసుకునే దశలోనే పథకం నియమాలు తెప్పించుకుని, ఉత్తర్వు ముసాయిదాను నిర్వాహకులకు చూపించి, డిక్రీతో పాటే దానినీ కోర్టు చేత జారీ చేయించుకోవడం అత్యవసరం. ఏళ్ల తరబడి కాపురాన్ని నిలబెట్టిన మనిషికి వృద్ధాప్యంలో దక్కవలసిన ఆధారం, ఒక కాగితం సకాలంలో దాఖలు కానందువల్ల చేజారిపోకూడదు.