సహాధ్యాయుల సాయము – సంతకపు బాధ్యత

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నర్సు వృత్తియందున్నవారు ఉద్యోగము మానకయే, ఇంటనుండియే, ఆన్‌లైన్ పద్ధతిని స్నాతకోత్తర విద్య నభ్యసించుట నేడు సర్వసాధారణమైనది. పండ్రెండు గంటలు వార్డులో నిలువుకాళ్లపై పనిచేసి, ఇల్లు చేరి, బిడ్డలను నిద్రపుచ్చి, పిమ్మట కంప్యూటరు ముందు కూర్చుండి వ్యాసములు వ్రాయువా రనేకులు గలరు. వారిలో మన తెలుగు ఆడపడుచులును ఉన్నారు. ఈ చదువులందు ప్రాజెక్టు పనిని సహాధ్యాయులు పంచుకొనుట ఎంతవఱకు న్యాయము? ఎచ్చట నది వంచన యగును? ఇది విద్యార్థుల సొంత గొడవ యని త్రోసివేయదగిన ప్రశ్న కాదు. రేపు మంచముపై పడియుండు రోగికి దీనితో సంబంధము గలదు. కావున దీనిని విచారింప దలచినాము.

ఈ విద్య ఎట్టి యధికారమునకు దారితీయునో మున్ముందు తెలిసికొనవలయును. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయమున లొరెట్టా ఫోర్డ్ అను నర్సును, హెన్రీ సిల్వర్ అను వైద్యుడును కలిసి 'నర్సు ప్రాక్టీషనర్' శిక్షణమును ప్రారంభించిరి. ఆ బీజము నేడు వటవృక్షమైనది. ఆ దేశమున సగమునకు పైబడిన రాష్ట్రములలో ఇట్టి నర్సులు వైద్యుని పర్యవేక్షణ లేకయే రోగనిర్ణయము చేసి మందులు వ్రాయగలరు. ఇట్టి యధికారము నొసగు పట్టమునకు వెనుక నున్న చదువు ఎవరిదో, ఎవరు చేసినదో తెలియకపోయినచో, మోసపోవునది పరీక్షకుడు కాదు, రోగియే.

అమెరికా నర్సింగు కళాశాలల సంఘము ఉన్నతస్థాయి నర్సు వృత్తికి వృత్తిపరమైన డాక్టరేటు కావలెనని 2004లో తీర్మానించెను. బి.ఎస్.సి. పిదప కనీసము 1000 గంటల వృత్తిశిక్షణ ముండవలెనని 2006లో నిర్దేశించెను. ఈ చదువు తుదకు విద్యార్థి యొక ప్రాజెక్టును నెరవేర్పవలెను. అది కేవలము గ్రంథములను చదివి సారము వ్రాయుట కాదు. వార్డులో ఒక లోపమును గుర్తించి, దానికి తగిన మార్పు నేర్పఱచి, ఆచరణలో పెట్టి, ఫలితమును కొలిచి చూపుట. దీనిని బృందముగా చేయవచ్చునా యను సందేహము పుట్టగా, ఆ సంఘమే 2015లో సమాధాన మిచ్చెను. బృందముగా చేయవచ్చును. కాని ప్రతి సభ్యుడును ప్రణాళిక, ఆచరణము, మూల్యనిర్ణయము అను మూడింటియందును పాల్గొనవలెను. ఏదేని యొక భాగమునకు తాను నాయకత్వము వహింపవలెను. తన వంతు పనికి తానే జవాబుదారి కావలెను. ఇంతకంటె స్పష్టమైన ధర్మనిర్ణయము వేఱొకటి అక్కఱలేదు.

ఉదాహరణమునకు, నలుగురు విద్యార్థులు నాలుగు పట్టణముల నుండి, వృద్ధరోగులు మంచము దిగుచు జాఱిపడుటను తగ్గించు ప్రాజెక్టును చేపట్టిరనుకొందము. ఒకరు పూర్వపరిశోధనలను సేకరింతురు, ఒకరు వార్డు సిబ్బందికి శిక్షణ మిత్తురు, ఒకరు లెక్కలు కట్టుదురు, ఒకరు నివేదిక వ్రాయుదురు. ఇంతవఱకు దోషము లేదు. అయితే, లెక్కలు కట్టని ముగ్గురును ఆ లెక్కల నర్థముచేసికొనక తమ పేరు చేర్చిరేని, ఆ నివేదిక నాలుగింట మూడు వంతులు అసత్యము. పరీక్షాధికారి ఏ భాగమును గుఱించి యడిగినను నలుగురిలో ప్రతివారును చెప్పగలిగిననే అది బృందకార్యము. లేనియెడల నది పంపకము మాత్రమే.

పంచుకొనుట దోషమని మే మనుట లేదు. నర్సు వృత్తికి ప్రాణమే పంచుకొనుట. డ్యూటీ మాఱు వేళ రోగి స్థితిని వచ్చువారికి పూసగ్రుచ్చినట్లు చెప్పనిదే పోవువారు కదలరాదు. నాట్లనాడు ఒకరి పొలమునకు మఱియొకరు పోయి చేయి కలిపినట్లే, చదువునందును చేయి కలుపవలెను. మంచి గ్రంథము దొరికినచో తోడివారికి తెలుపవచ్చును. లెక్క పద్ధతి తెలియనివారికి నేర్పవచ్చును. వ్రాతప్రతిని చదివి, ఇచ్చట వాదము కుంటువడినదని చెప్పవచ్చును. గురువు వల దననంతవఱకు ఇవన్నియు సాయములే. కాని ముగించిన వ్యాసమునే చేతికిచ్చి, 'నాలుగు మాటలు మార్చి నీ పేర పంపుము' అనుట సాయము కాదు. మొదటిది తోడివానిని సమర్థుని జేయును. రెండవది అసమర్థుని సమర్థుడుగా చూపించును.

దస్తావేజుపై సాక్షి సంతకమునకు గల విలువ మన పాఠకులకు మేము చెప్పనక్కఱలేదు. తాను చూడని లావాదేవీకి సాక్షిగా సంతకము చేసినవాడు, పైకము పుచ్చుకొనకున్నను, కూటసాక్షియే. పట్టము కూడ నొక దస్తావేజే. ఈ విద్య యీ వ్యక్తికి గలదని విశ్వవిద్యాలయము లోకమునకు వ్రాసి యిచ్చు సాక్ష్యమది. పరుని వ్రాతను తనదిగా చూపిన విద్యార్థి తాను అబద్ధమాడుటయే గాక, తన గురువుచేత సైతము తెలియక అబద్ధ మాడించుచున్నాడు.

ఇచ్చినవారికి దోషము లేదని కొందఱు తలంతురు. ఇది పొరపాటు. విద్యాలయముల నియమములు సామాన్యముగా పుచ్చుకొన్నవారితోపాటు తెలిసి యిచ్చినవారిని కూడ దోషులుగానే గణించును. వ్రాతలను పోల్చిచూచు కంప్యూటరు సాధనములకు ఎవరు ముందు వ్రాసిరో, ఎవరు జాలిపడి యిచ్చిరో తెలియదు. రెండు వ్రాతలు ఒక్కటిగా నున్నవని మాత్రమే యవి చెప్పును. అప్పుడు కష్టపడి వ్రాసిన విద్యార్థినియే సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చును. నమోదైన విద్యార్థియే పని పూర్తిచేయుచున్నాడని రుజువుపఱచు పద్ధతులు దూరవిద్య నొసగు సంస్థల కుండవలెనని అమెరికా చట్టము 2008లోనే విధించెను. 2022 చివరనుండి యంత్రమే వ్యాసము వ్రాసి యిచ్చు సాధనములు జనులకు అందుబాటులోనికి వచ్చినవి. సహాధ్యాయికి వర్తించు ధర్మమే యంత్రమునకును వర్తించును. అనుమతించిన మేర వాడి, వాడితినని చెప్పుట న్యాయము. దాచుట వంచన.

ఇంకొక విషయము అన్నిటికంటె గురుతరమైనది. విద్యార్థులు తమలో తాము పంచుకొను కాగితములలో రోగుల వివరములు దొరలవచ్చును. రోగి గుట్టు కాపాడుట నర్సు వృత్తియొక్క పాతవ్రతము. 1893లో డెట్రాయిటు నగరమున రచింపబడి, నైటింగేల్ పేర ప్రసిద్ధమైన ప్రతిజ్ఞలోనే ఈ మాట గలదు. అమెరికాలో 1996 నాటి చట్టము ననుసరించి వెలువడిన నియమములు, పేరు, చిరునామా, తేదీలు, ఫొటో మొదలుగాగల 18 విధముల గుర్తులను తొలగించుట రోగి వివరములను అనామకముగా జేయు మార్గములలో నొకటిగా పేర్కొన్నవి. వ్యాసము విద్యార్థి సొత్తు కావచ్చును. రోగి కథ విద్యార్థి సొత్తు కాదు. తనది కానిదానిని స్నేహము కొఱకైనను పంచిపెట్టు హక్కు ఎవరికిని లేదు.

బృందములో నడవడి సంగతియు చెప్పవలసి యున్నది. ముఖములు చూడక, వేర్వేఱు వేళల పనిచేయువారి నడుమ అపార్థములు సులభముగా పెరుగును. ఒకరు పని చేయరు, ఒకరు జాబు వ్రాయరు, ఒకరు కటువుగా వ్రాయుదురు. అమెరికా నర్సుల సంఘమువారి ధర్మసూత్రములు, 2015 నాటి ప్రతియందు, తోడివారియెడ మర్యాదయు దయయు చూపుటను విధిగా పేర్కొన్నవి. మొదటి వారముననే ఎవరి పని ఏది, ఏనాటికి, మాట తప్పినచో ఏమి చేయవలెను అను సంగతులను వ్రాసికొన్నచో సగము తగవులు పుట్టవు. పని చేయనివారిని ముందు నేరుగా, మర్యాదగా హెచ్చరింపవలెను. వినరేని గురువునకు తెలుపవలెను. మొగమాటమున వారి పనిని తామే చేసి, వారి పేరు చేర్చుట ఔదార్యము కాదు. రేపు వార్డులో తోడినర్సు మందు తప్పిచ్చినను ఈ మొగమాటమే నోరు నొక్కివేయును.

విద్యార్థులనే నిందించి ఊరకుండుట న్యాయము కాదు. ఏటేటను అవే ప్రశ్నల నిచ్చు విద్యాలయము నకళ్లను తానే పిలుచుచున్నది. ఏది సాయము, ఏది దోషము అని ముందుగా చెప్పక, పిమ్మట శిక్షించు గురువు హద్దురాళ్లు నాటక సరిహద్దు తగవు తీర్చువానివంటివాడు. ప్రతి ప్రాజెక్టునకును విద్యార్థిచేత నోటిమాటగా సమాధానము చెప్పించినచో, యే యంత్రమును చేయలేని పరీక్ష జరుగును.

ఈ జాగ్రత్త లేనిచో ఏమగునో లోకము చూచినది. ఫ్లారిడాలో మూడు నర్సింగు పాఠశాలలనుండి 7,600కు పైగా దొంగ పట్టములు అమ్ముడుపోయినవని 2023 జనవరిలో అమెరికా ప్రభుత్వము వెల్లడించి, 25 మందిపై అభియోగములు మోపెను. వ్యాసము నడిగి తెచ్చుకొనుటయు, పట్టమును కొనుటయు ఒకే తూకము గలవని మే మనము. అయితే రెండును ఒకే త్రోవలోనివి.

మన దేశమునను 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము గ్రంథచౌర్యముపై నిబంధనల నేర్పఱచినది. సిద్ధాంతవ్యాసమున నూటికి 10 పాళ్ల వఱకు పోలికకు శిక్ష లేదు. 60 పాళ్లు మించినచో విద్యార్థి నమోదే రద్దగును. కాని పాళ్ల లెక్క చౌర్యమును పట్టగలదే గాని శీలమును పుట్టింపలేదు. ఎవరును చూడనిచోట, అర్ధరాత్రమున, రోగి పల్స్ నిజముగా లెక్కించి ఛార్టులో వ్రాయు నర్సునే మనము కోరుచున్నాము. ఎవరును చూడని ఆన్‌లైన్ చదువులో తన వ్యాసము తాను వ్రాసికొనుట ఆ శీలమునకు ప్రథమ పాఠము. ఈ పాఠమున తప్పినవారికి తక్కిన పాఠములు ఎన్ని వచ్చినను ప్రయోజనము లేదని మా నిశ్చితాభిప్రాయము.