యూదా న్యాయశాస్త్ర అతిథి ఆచార్యుడు: ఎట్టివానిని పిలువవలెను?

"కంటికి కన్ను" అను నియమమును యూదులు అక్షరాలా అమలుపరచిరని మేమును అనేకమారులు ప్రసంగించితిమి. అయితే క్రీ.శ. 200 ప్రాంతమున కూర్చబడిన మిష్నా (బావా కమ్మా, 8వ అధ్యాయము) గాయపరచినవాడు ఐదు పద్దుల క్రింద సొమ్ము చెల్లించవలెనని చెప్పుచున్నది. అవి అవయవ నష్టము, నొప్పి, వైద్యము, పనిలేక పోయిన కాలము, అవమానము.

ఈ న్యాయశాస్త్రమును బోధించుటకు అమెరికా లా స్కూళ్లు ఇశ్రాయేలునుండి అతిథి ఆచార్యులను పిలుచుట కలదు. యెరూషలేము హీబ్రూ విశ్వవిద్యాలయపు మోషే హల్బెర్తాల్ న్యూయార్కు విశ్వవిద్యాలయ లా స్కూలులో బోధించిరి.

అట్టివానిలో రెండు అర్హతలు చూడవలెను. మొదటిది, తల్మూదును హీబ్రూ, అరామిక్ మూలములలో చదువగలుగుట. రెండవది, నేటి చట్టమును ఎరిగియుండుట. ఏలయనగా ఇది గతించిన శాస్త్రము కాదు. ఇశ్రాయేలులో 1953 నాటి చట్టము ప్రకారము యూదుల వివాహ, విడాకుల వ్యాజ్యములు రబ్బీల న్యాయస్థానములకే చెందును. భర్త పరిత్యాగ పత్రిక ఇయ్యనియెడల భార్య మరల వివాహమాడజాలదు. ఈ కష్టమును చూచి న్యూయార్కు రాష్ట్రము 1983లో ఒక చట్టము చేసెను. విడాకులు కోరువారు ఎదుటివారి పునర్వివాహమునకు తమవలన కలుగు మతపరమైన అడ్డంకులు తొలగించితిమని ప్రమాణము చేయవలెను.

శుక్రవారము సాయంకాలమునుండి శనివారము రాత్రి వరకు తరగతులు పెట్టకుండుట ఆహ్వానించువారి బాధ్యత.

మన సెమినరీలు అట్టివానిని పిలిచినయెడల వాదించి గెలుచుటకు కాక వినుటకే పిలువవలెను. పొరుగువాని ధర్మశాస్త్రమును తెలియక తప్పుగా చెప్పుటయు అబద్ధసాక్ష్యమే అని మేమెంచుచున్నాము.